అండమాను దీవులలో వస్త్రచరిత్ర : పొదుపు, మర్యాద

కూడు, గూడు, గుడ్డ అని మానవుని కనీసావసరములను తెలుగువారు మూడు చిన్న మాటలలో ఇమిడ్చిరి. ఈ మూడింటిలో కూడు కడుపునకు సంబంధించినది. గూడు కుటుంబమునకు సంబంధించినది. గుడ్డ మాత్రము లోకమునకు సంబంధించినది. ఆకలిగొన్నవాడు తన ఆకలిని దాచుకొనగలడు. ఇల్లు లేనివాడు చెట్టునీడను తల దాచుకొనగలడు. బట్ట లేనివాడు నలుగురి యెదుట నిలువజాలడు. కావున ఒక ప్రదేశపు వస్త్రచరిత్ర ఆ ప్రదేశీయుల మర్యాదకు సంబంధించిన చరిత్ర కూడ అగుచున్నది.

బంగాళాఖాతము నడుమ వెలసిన అండమాను, నికోబారు దీవుల విషయమున ఈ మాట మరింత నిజము. ఇచట చెప్పుకొనదగిన ప్రత్తిపంట లేదు; బట్టల మిల్లు లేదు. నూలుపోగు మొదలు పట్టుచీర వరకు అన్నియు సముద్రము దాటి రావలసినవే. వచ్చిన బట్ట మన్నుటయు కష్టమే. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము కురియు చోట ఉతికిన పంచె ఆరుటకు రెండుమూడు దినములు పట్టును. పెట్టెలో పెట్టిన చీరకు బూజు పట్టును. ఉప్పుగాలికి నూలు బలము తగ్గును. అట్టి చోట బట్టను జాగ్రత్తగా వాడుకొనుట ఎవరును నేర్పవలసిన విద్య కాదు. ద్వీపమే దానిని నేర్పును.

అయితే ఈ దీవులలో కొద్దిబట్టతో కాలము గడుపుట అందరికిని ఒకే విధముగా సంప్రాప్తము కాలేదు. కొందరికి అది శిక్ష; కొందరికి యుద్ధము తెచ్చిన కరవు; కొందరికి తమంత తాము పెట్టుకొన్న నియమము. ఒకే చిరుగుబట్ట ఒకనికి అవమానమును, వేరొకనికి గౌరవమును తెచ్చుటకు కారణమేమి అను ప్రశ్నకు ఈ దీవుల చరిత్ర చక్కని సమాధానము చెప్పుచున్నది.

ఈ చరిత్రలో తొలి ఘట్టము మిక్కిలి ప్రాచీనము. క్రీ.శ. 671లో చైనా నుండి బయలుదేరిన ఇత్సింగ్ అను బౌద్ధ భిక్షువు సుమాత్రా మీదుగా ప్రయాణము చేసి 673లో వంగదేశమందలి తామ్రలిప్తి రేవు చేరెను. త్రోవలో అతడు 'దిగంబరుల దేశము' అను పేర ఒక దీవిని వర్ణించెను. అది నికోబారు దీవులలోనిదే అని పండితులు పెక్కుమంది భావించిరి. ఓడ కనబడగానే దీవివాసులు చిన్న చిన్న పడవలపై కొబ్బరికాయలు, అరటిపండ్లు, పేముతోను వెదురుతోను చేసిన వస్తువులు తెచ్చి ఓడను చుట్టుముట్టిరట. వారు కోరినది ఇనుము. రెండు వ్రేళ్ళంత ఇనుపముక్కకు ఐదో పదో కొబ్బరికాయలు ఇచ్చెడివారట. ఓడలోని వర్తకులు వేళాకోళముగా తమ బట్టలను చూపగా, అవి మాకు అక్కరలేదని వారు చేతులూపి తిరస్కరించిరని ఇత్సింగ్ వ్రాసెను.

ఈ చిన్న సంఘటనలో గొప్ప అర్థము కలదు. ఇచ్చువాని ముఖమున పరిహాసము ఉండెను. దీవివాసికి అవసరము లేకుండెను. అతడు వలదనెను. తరువాతి శతాబ్దములలో నికోబారువారు బట్టను తీసికొనిరి. కాని దానమని చేయి చాచి కాదు. తమ కొబ్బరికాయలను ఎదుట రాశి పోసి, వచ్చిన ఓడలవారితో బేరమాడి, తమకు నచ్చిన బట్టను తమకు కావలసినంత మేరకే పుచ్చుకొనిరి. బట్ట విషయమున ఏది కావలయునో ఏది వలదో నిర్ణయించు అధికారము వారి చేతిలోనే ఉండెను.

ఆ అధికారము పూర్తిగా పోయిన మానవులను ఈ దీవులు 1858లో చూచెను. ఆ సంవత్సరము మార్చి 10వ తేదీన డాక్టర్ జె. పి. వాకర్ 200 మంది ఖైదీలతో పోర్టు బ్లేయరు రేవున దిగెను. వారిలో 1857 తిరుగుబాటునందు పాల్గొని శిక్షపడినవారు కలరు. ఆ మరుసటి సంవత్సరము వచ్చిన వారిలో ఖైరాబాదుకు చెందిన ఫజ్లె హక్ అను గొప్ప అరబ్బీ, పారశీక విద్వాంసుడు ఒకడు. తన ఒంటిమీది బట్టలను తీసికొని ముతక బట్టలు ఇచ్చిరని ఆయన అరబ్బీ భాషలో తన చెరజీవితమును గూర్చి వ్రాసికొనెను. ఆయన 1861లో ఈ దీవులలోనే కన్నుమూసెను. కాగితము దొరకని ఆ చెరలో గుడ్డపీలికల మీద బొగ్గుతో వ్రాసి, విడుదలైన వేరొక ఖైదీ ద్వారా ఆ రచనను స్వదేశమునకు పంపెనని ప్రతీతి. పాతగుడ్డను ఎన్ని విధముల వాడవచ్చునో లెక్కించువారు ఈ ఉపయోగమును కూడ జ్ఞాపకము పెట్టుకొనవలసి యున్నది.

నాటి శిక్షా విధానమున బట్ట కూడ ఒక సంకెల. ఖైదీ రాగానే ఇంటి బట్ట విడిచి జైలు బట్ట కట్టవలెను. మెడలో ఇనుపకడియమునకు ఒక కొయ్యబిళ్ళ వ్రేలాడుచుండెను. దానిపై అతని సంఖ్య, శిక్ష పడిన తేదీ, విడుదల కావలసిన తేదీ చెక్కి యుండెను. 1911లో సెల్యులర్ జైలునకు వచ్చిన వినాయక దామోదర సావర్కరుకు ఇచ్చిన బిళ్ళపై విడుదల సంవత్సరము 1960 అని ఉండెను. ఖైదీలలో నుండియే కొందరిని ఎన్నుకొని తక్కిన ఖైదీలపై అధికారులుగా నియమించెడివారు. వారి హోదాను తెలుపునవి కూడ వారి నడికట్టులు, బిళ్ళలే. అనగా ఎవడెవడో తెలిసికొనుటకు ముఖము చూడ నక్కరలేదు. బట్ట చూచిన చాలును.

ఈ ఖైదీల లోకమున స్త్రీలును ఉండిరి. సౌత్ పాయింటునందలి స్త్రీల జైలులో వారికి వడకుట, నేయుట పనిగా ఇచ్చిరి. ఖండాంతరము నుండి బట్ట తెచ్చుట వ్యయప్రయాసలతో కూడిన పని యగుటచే, ఈ దీవులందే ఖైదీల చేత ఖైదీలకు బట్ట తయారు చేయించుట ప్రభుత్వమునకు పొదుపు. నేసినవారికి ఆ బట్టపై ఎట్టి హక్కును లేదు. ఎంత చక్కగా నేసినను అది ఎవరి ఒంటికి పోవునో వారు ఎరుగరు. లెక్కలలో అది పొదుపే. కాని పొదుపు అను సుగుణము ఆ చేతులది కాదు.

1896 నుండి 1906 వరకు పది సంవత్సరములు కట్టిన సెల్యులర్ జైలునకు 1909 చివర నుండి వంగదేశపు విప్లవవాదులు వచ్చిరి. వారిలో అలీపూరు కుట్రకేసున శిక్షపడిన బారీంద్రకుమార ఘోషు ఒకడు. తరువాత ఆయన తన ప్రవాసమును గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. గానుగ త్రిప్పుటను, కొబ్బరిపీచు దంచుటను గూర్చి చెప్పిన ఆయన, స్నానమునకు ఇచ్చిన చిన్న లంగోటీని గూర్చియు బాధతో చెప్పెను. అది ఉండియు లేనట్లే. అందరి యెదుట బట్ట మార్చుకొనవలసి వచ్చినపుడు తమ స్థితి కౌరవసభలో ద్రౌపది స్థితి వంటిదయ్యెనని ఆయన భావము. ఉన్నత విద్య నభ్యసించి, ప్రాణములకు తెగించి వచ్చిన యువకులు జానెడు గుడ్డ కొరకు తలవంచుకొనవలసి వచ్చెను. కొద్దిబట్ట కట్టుట అవమానము కాదు. ఆ కొద్దియు ఒకడు విధించినది యగుట, దానిని కాదనుటకు వీలులేకుండుట అవమానము.

సరిగా ఈ విషయమునే స్వదేశమున వేరొకరు తలక్రిందులు చేయుచుండిరి. 1921 సెప్టెంబరు 22వ తేదీన మధురలో గాంధీమహాత్ముడు పూర్వపు దుస్తులను విడిచి కొల్లాయి గుడ్డ కట్టెను. జైలులో అవమానచిహ్నమైన ఆ కొద్దిబట్టయే ఆయన ఒంటిపై దేశమంతయు నమస్కరించు గౌరవచిహ్నమయ్యెను. బట్ట ఒకటే; కట్టించినవాడు వేరు, కట్టుకొన్నవాడు వేరు.

పాతబట్టలను గూర్చి భారతదేశమున జరిగిన గొప్ప వాదము కూడ ఆ సంవత్సరముననే నడచెను. జూలై 31న బొంబాయిలో విదేశవస్త్రములను రాశిగా పోసి దహనము చేసిరి. దీనబంధు ఆండ్రూసు ఆ పనికి నొచ్చుకొనెను. రవీంద్రనాథ ఠాకూరు కూడ ఆక్షేపించెను. కట్టుకొనుటకు గుడ్డలేనివారు లక్షలుగా నుండగా, నిజముగా ఆ బట్ట ఎవరికి అవసరమో వారిని కాదని దానిని తగులబెట్టు హక్కు ఎవరికి కలదని ఆయన ప్రశ్న. ఆ ప్రశ్నలోని దయ సామాన్యమైనది కాదు. గాంధీజీ దానికి అక్టోబరులో సమాధానము వ్రాసెను. పేదవానికి కావలసినది పని. పని ఇయ్యక మనము విడిచిన బట్టలను వాని మీద వేయుట వానిని అవమానించుటయే అని ఆయన వాదము. ఇయ్యదలచినచో విడిచినవి కాదు, తన అన్నములోను బట్టలోను మేలైన భాగమును పంచి, వానితో కలసి పనిచేయవలెనని ఆయన చెప్పెను. ఠాకూరు మాటలో పాతబట్టకు విలువ కలదు. గాంధీజీ మాటలో దానిని పుచ్చుకొను మనిషికి విలువ కలదు. ఈ రెండు మాటలును కలిసిననే సత్యము పూర్ణమగును.

ఈ ఖద్దరు వ్రతము తెలుగు మన్యమునకును ప్రాకెను. అల్లూరి సీతారామరాజు మన్యపు ప్రజలకు కల్లు మానుడని, ఖద్దరు కట్టుడని బోధించెను. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుఠాణాపై దాడితో ఆరంభమైన ఆ పోరాటము 1924 మే 7న ఆయన మరణముతో దాదాపు ముగిసెను. ఆయన అనుచరులలో ముఖ్యుడైన గాము మల్లుదొరను ద్వీపాంతర శిక్షపై అండమానునకు పంపిరి. స్వహస్తములతో వడికిన నూలు కట్టవలెనని చెప్పిన నాయకుని అనుచరుడు సర్కారు ఇచ్చిన ఖైదుబట్ట కట్టవలసి వచ్చెను. అయినను కాలము తిరిగెను. 1952లో స్వతంత్ర భారతదేశపు మొదటి లోక్‌సభకు విశాఖపట్టణము నుండి ఎన్నికైన వారిలో ఆ మల్లుదొర ఒకడు. ఖైదు బట్టతో పోయినవాడు ప్రజల ప్రతినిధియై ఢిల్లీలో కూర్చుండెను. తెలుగువారు అండమాను పేరు విన్నపుడెల్ల స్మరింపదగిన జీవితములలో ఇది యొకటి.

1930 తరువాత మరల రాజకీయ ఖైదీలను సెల్యులర్ జైలునకు పంపిరి. కాకినాడ బాంబుకేసున శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి వారిలో తెలుగువాడు. 1933 మే మాసమున ఖైదీలు నిరాహారదీక్ష పూనిరి. వారు కోరినవి రాజ్యములు కావు: తినదగిన తిండి, ఒళ్ళు శుభ్రము చేసికొనుటకు సబ్బు, పడుకొనుటకు పడక, చదువుకొనుటకు దీపము, పుస్తకములు. ఆ దీక్షలో బలవంతముగా ఆహారమెక్కించు ప్రయత్నములలో మహావీర్ సింగు, మోహన్ కిశోర్ నామదాసు, మోహిత్ మైత్ర అను ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. మనుష్యుడు చిరుగు బట్టతోనైన బ్రతుకవచ్చును కాని మురికి బట్టతో బ్రతుకుమని ఆజ్ఞాపించు అధికారమునకు లొంగరాదని ఆ దీక్ష లోకమునకు చాటెను. చివరకు కొన్ని సౌకర్యములు లభించెను. 1937లో మరల జరిగిన దీక్ష తరువాత, 1938 జనవరి నాటికి రాజకీయ ఖైదీలను స్వదేశపు జైళ్ళకు మరలించిరి.

తరువాత వచ్చినది యుద్ధము. 1942 మార్చి 23న జపాను సేనలు పోర్టు బ్లేయరును ఆక్రమించెను. అప్పటికి పదునైదు దినముల క్రిందటనే రంగూను పడిపోయెను. కలకత్తా, మద్రాసు, రంగూనుల నుండి వచ్చు సరకుల ఓడలు నిలిచిపోయెను. అప్పటి నుండి 1945 అక్టోబరు వరకు మూడున్నర సంవత్సరములు ఈ దీవులు భారతదేశము నుండి పూర్తిగా తెగిపోయెను. తిండికే కరవు కలిగి, జనులు నిర్బంధపు పనులలోను, చిత్రహింసలలోను నలిగిపోయిన ఆ దినములలో క్రొత్తబట్ట అను మాటకే తావు లేకుండెను. 1942 నాటికి ఎవరి పెట్టెలో ఏది కలదో దానితోనే ఏండ్లు గడుపవలసి వచ్చెను. జపాను ఆక్రమణలోని మలయా, జావాలలో కూడ ఇదే కరవు. అచట జనులు గోనెపట్టాను కత్తిరించి ఒంటికి చుట్టుకొనిరి. సూది, దారము సైతము దొరకుట కష్టమైన కాలమున మాసిక వేయుట యనిన చిన్నపని కాదు. ఉన్నబట్ట నుండి పోగులు లాగి ఆ బట్టనే కుట్టుకొనవలెను.

బట్టకరవు ఓడినవారికే కాక గెలిచినవారికిని తప్పలేదు. ఇంగ్లండులో 1941 జూన్ 1 నుండి 1949 మార్చి వరకు బట్టలకు రేషను ఉండెను. మొదటి సంవత్సరము ఒక్కొక్కరికి 66 కూపనులు ఇచ్చిరి. ఉన్నదానితో సరిపెట్టుకొనుడు, చిరిగినదానిని కుట్టుకొనుడు అని 1943లో అచటి ప్రభుత్వమే ఒక పుస్తకమును అచ్చువేసి పంచెను. భారతదేశమున 1943 జూన్‌లో నూలు, బట్టల కంట్రోలు ఉత్తరువు వచ్చెను. 'కంట్రోలు బట్ట' అను మాట తెలుగు పల్లెల వరకు ప్రాకినది ఆ కాలముననే. 1948 ఆరంభమున కంట్రోలు ఎత్తివేయగా ధరలు పెరిగినందున, ఆ సంవత్సరమే మరల విధింపవలసి వచ్చెను. పెండ్లిచీరకును, శవముపై కప్పు బట్టకును చీటీ పట్టుకొని వరుసలో నిలిచిన ఆ తరమువారు తమ జీవితాంతము ఒక్క గుడ్డముక్కను పారవేయుటకు చేతులు రాని మనుష్యులైరి. వారిని లోభులని పిల్లలు నవ్విరి. వారు లోభులు కారు. చూచిన కాలము వారి చేతులలో నిలిచిపోయెను.

1945తో శిక్షాద్వీపము అంతరించెను. 1949 నుండి తూర్పు బెంగాలు కాందిశీకులు, తరువాత ఇతర ప్రాంతములవారు వచ్చి అడవులు నరికి ఊళ్ళు కట్టుకొనిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణపు తీరముల నుండి తెలుగు మత్స్యకారులు, కూలిపనివారు, తరువాత వర్తకులు, ప్రభుత్వోద్యోగులు వచ్చిరి. 2011 జనాభా లెక్కలలో ఈ దీవులందు నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు అని తేలెను. విశాఖ రేవు నుండి ఓడ ఎక్కి సుమారు మూడు దినములు ప్రయాణము చేసి దిగినవారి చేతిలో ఒక రేకుపెట్టెయో, బట్టమూటయో తప్ప వేరు ఆస్తి ఉండెడిది కాదు. ఆ మూటలోని బట్టయే మరల ఊరు పోవువరకు గతి.

తెలుగు మత్స్యకారునకు మరమ్మతు క్రొత్తవిద్య కాదు. వలకన్ను ఒకటి తెగిన వలను పారవేయువాడు జాలరి కాడు. వేట నుండి వచ్చినవాడు తీరమున కూర్చుండి, వలను కాలివ్రేలికి తగిలించి, తెగిన కన్నులను వెదకి అల్లుకొనుట అతని నిత్యకృత్యము. ఆ కంటితో చూచువానికి చొక్కా చిరుగు కూడ వలకన్నే. అతడు వచ్చిన శ్రీకాకుళపు సీమలోనే పొందూరు కలదు. అచట కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, సన్నని నూలు వడికి ఖద్దరు నేయుదురు. చేపను తిని ఎముకను పారవేయక దానిని పనిముట్టుగా చేసికొన్న జనుల పొదుపు నుండియే దేశప్రసిద్ధమైన ఆ సన్నబట్ట పుట్టెను.

తెలుగు ఇల్లాలి చేతిలో ఒక నూలుచీర బ్రతికిన బ్రతుకును గమనించినచో అర్థశాస్త్రము నేర్చుకొనవచ్చును. మూలకు పసుపు పెట్టి పండుగనాడు కట్టిన చీర, రంగు వెలసిన పిదప ఇంటి చీర యగును. అంచు చిరిగినచో ఆ భాగము తీసివేసి చిన్నదానికి ఓణీ, పరికిణీ కుట్టుదురు. పరికిణీకి అడుగున మడతలు వేసి కుట్టించి, పిల్ల ఎదుగుకొలది ఏటేట ఒక్కొక్క మడత విప్పుదురు. అక్కకు పొట్టియైనది చెల్లెలికి వచ్చును. అన్న చొక్కా తమ్మునికి వచ్చును. మెత్తబడిన చీర దూలమునకు కట్టిన ఉయ్యాల యగును. నాలుగు చీరలు కలిపి కుట్టిన బొంత యగును. ఆ బొంతయు చిరిగినచో మసిగుడ్డ, కాలు తుడుచు గుడ్డ అగును. ఇంతలో శుభ్రమైన పీలిక ఒకటి దేవుని యెదుట దీపమున వత్తిగా వెలుగును. ఏ దశయందును ఆ చీర వ్యర్థము కాలేదు.

పాతబట్ట యనిన తెలుగువారికి నీచభావము లేదనుటకు వేరొక నిదర్శనము కలదు. అప్పుడే పుట్టిన శిశువును మొదట చుట్టునది క్రొత్తబట్టతో కాదు. పెద్దలు కట్టి, పలుమార్లు ఉతికి మెత్తబడిన పాతబట్టతో. ఆ పొత్తిగుడ్డలో అమ్మమ్మ చీర మెత్తదనమును, ఆమె ఆశీర్వచనమును కలవు. ఆ తెలుగువారే పరులు విడిచిన బట్ట ముట్టుటకు వెనుదీయుదురు. ఇది పరస్పర విరుద్ధముగా తోచవచ్చును, కాని కాదు. ఒకటి ప్రేమతో ఉతికి, మడిచి, చేతికిచ్చినది. రెండవది విసరివేసినది. బట్ట పాతదగుట దోషము కాదు. ఇచ్చిన తీరుననే దోషమైనను గుణమైనను కలదు.

ఉద్యోగుల విషయమునను బట్టకు ఒక లెక్క ఉండెను. కొన్ని ఉద్యోగములవారికి ప్రభుత్వము యూనిఫారపు బట్ట ఇచ్చి, అది ఇంత కాలము మన్నవలెనని గడువు పెట్టెడిది. గడువునకు ముందే చిరిగినచో కుట్టుకొనుటయే మార్గము. 2017 జూలై 1 నుండి దానికి బదులు ఏటేట దుస్తుల భత్యము నగదుగా ఇచ్చు పద్ధతి వచ్చెను. పద్ధతి మారినను ఇస్త్రీ చేసిన పాత యూనిఫారముతో సమయమునకు కార్యాలయము చేరు బంట్రోతు మర్యాద మాత్రము మారలేదు.

పాతబట్టల దానమును గూర్చి 1921లో జరిగిన వాదము 2004లో మరల జీవము పోసికొనెను. డిసెంబరు 26న వచ్చిన సునామీ నికోబారు దీవులను ఘోరముగా దెబ్బతీసెను. తమిళనాడు, ఆంధ్ర తీరములను కూడ ముంచెను. దేశమంతట ప్రజలు కదలి సహాయము పంపిరి. ఆ సహాయమున చాల భాగము విలువైనది. కాని పాతబట్టల విషయమున లోకమునకు సిగ్గు కలిగించు దృశ్యము కూడ కనబడెను. తమిళనాడు తీరమున రహదారుల ప్రక్కన పాతబట్టలు గుట్టలుగా పడి వానకు, ఎండకు పాడయ్యెను. వాటిలో చాల భాగము కట్టుకొనుటకు పనికిరానివి, ఆ ప్రాంతపు జీవనమునకు తగనివి. సర్వస్వము పోగొట్టుకొన్న మత్స్యకారులు కూడ వాటిని ముట్టలేదు. పదమూడు శతాబ్దముల క్రిందట ఓడ ప్రక్కన పడవలో నిలిచి చేతులూపిన నికోబారువాని తిరస్కారమే ఇది. ఆపదలోనున్నవానికిని మానము కలదు అను సంగతిని ఆ గుట్టలు చెప్పక చెప్పెను.

ఆ గుట్టలను చూచి కొందరు పాఠము నేర్చిరి. 1999లో అంశు గుప్తా స్థాపించిన గూంజ్ అను సంస్థ ఆ బట్టలను ఏరి, ఉతికి, వేరుచేసి, పనికివచ్చు వస్తువులుగా మార్చు పని చేపట్టెను. ఆ సంస్థ పల్లెలలో ఊరివారు తమ ఊరికి తామే బావి త్రవ్వుకొని, బాట వేసికొన్న పిదప ఆ శ్రమకు గౌరవముగా బట్టలను ఇచ్చు పద్ధతిని ప్రచారము చేసెను. పని ఇచ్చి బట్ట ఇమ్మన్న గాంధీజీ మాటయు, ఉన్న బట్టను వ్యర్థము చేయవలదన్న ఠాకూరు మాటయు ఇందు ఒకచోట చేరెనని చెప్పవచ్చును. 2015లో అంశు గుప్తాకు మెగసెసే పురస్కారము లభించెను.

2024 సెప్టెంబరులో పోర్టు బ్లేయరుకు శ్రీ విజయపురమని పేరు పెట్టిరి. ఆ పట్టణపు అంగళ్ళలో నేడు బట్టకు కరవు లేదు. ఓడలే కాక విమానములును సరకు తెచ్చుచున్నవి. రెండు ఉతుకులకు వెలసిపోవు చవుక బట్టలు కుప్పలుగా వచ్చుచున్నవి. కరవు పోయినందుకు సంతోషింపవలసినదే. మూడున్నర ఏండ్లు ఒకే బట్టతో గడిపిన తరమును తలచుకొన్నవారెవరును ఆ దినములు మరల రావలెనని కోరరు. కాని ద్వీపమునకు ఒక ధర్మము కలదు. ఓడపై వచ్చినది తిరిగి ఓడపై పోదు. పారవేసిన బట్ట ఈ చిన్న నేలమీదనే, ఈ కాలువలలోనే, ఈ తీరముననే మిగిలిపోవును. నూలుగుడ్డ మట్టిలో కలసిపోవును గాని, నేటి బట్టలలోని కృత్రిమపు నూలు తరములు గడచినను కరగదు. కావున పూర్వులు లేమి వలన చేసిన పనిని నేటివారు తెలివి వలన చేయవలసి యున్నది.

దుప్పటి ఉన్నంత వరకే కాళ్ళు చాచవలెనని సామెత. దానిని పేదవానికి చెప్పు నీతిగా మాత్రమే గ్రహించుట పొరపాటు. పొడుగాటి దుప్పటి గలవాడు కూడ కాళ్ళు ముడుచుకొని ప్రక్కవానికి కొంత కప్పవలెనని దాని లోపలి అర్థము. కాళ్ళు ముడుచుకొనుట పొదుపు; ప్రక్కవానికి కప్పుట మర్యాద. రెండవది లేని మొదటిది లోభము.

సెల్యులర్ జైలును నేడు చూడవచ్చువారు గదులను, ఉరికంబమును, గానుగను చూచి కన్నీరు పెట్టుదురు. అచట ప్రదర్శనలో నిలిపిన ఖైదీ దుస్తుల యెదుట కూడ ఒక్క క్షణము ఆగుట మంచిది. ఆ ముతకగుడ్డ కట్టినవారు దానిని కోరి కట్టుకొనలేదు. వారి త్యాగఫలముగా ఏ బట్ట కట్టవలెనో, ఎంత కాలము కట్టవలెనో, చిరిగినదానికి మాసిక వేయవలెనో లేదో నిర్ణయించుకొను స్వేచ్ఛ తరువాతివారికి వచ్చెను. ఆ స్వేచ్ఛతో ఉన్నబట్టను ఉతికి, కుట్టి, మన్నించి కట్టుకొనుటయు, ఇయ్యవలసినదానిని శుభ్రము చేసి చేతికిచ్చుటయు వారి స్మృతికి చేయదగిన చిన్నపూజ.